బండల మీది మొక్కల్లో తేడా: ఎండ వల్లా, రాయి వల్లా?

ఎత్తైన కొండల్లో బయటికి పొడుచుకొచ్చిన బండలపై పెరిగే మొక్కలను గమనిస్తున్నాను. ఒకే బండకు ఉత్తరం వైపు నాచు, ఫెర్న్‌లు దట్టంగా ఉన్నాయి. ఎండ పడే దక్షిణం వైపు రాతికి పొరలా అంటుకుని పెరిగే బూడిదరంగు లైకెన్‌లు, పగుళ్లలో దళసరి ఆకుల మొక్కలు తప్ప ఏమీ లేవు. వేలు కూడా పట్టని పగులులో, చిటికెడు మట్టిలో ముడుచుకుపోయిన ఒక ఫెర్న్ వాన పడగానే మళ్లీ విచ్చుకుంది. ఎంత ముచ్చటేసిందో!

సున్నపురాయిని, గ్రానైటును వేర్వేరు మొక్కలు ఇష్టపడతాయి కదా. ఈ బండలో సున్నపు చారలున్నాయి. వెనిగర్ చుక్క వేస్తే అక్కడ నురగ వస్తోంది. మరి ఎండ ప్రభావాన్నీ రాతి ప్రభావాన్నీ విడదీసి తేల్చడం ఎలా? చతురస్రాలు గీసి మొక్కలను లెక్కించే పద్ధతి నిట్టనిలువు బండలకు, సన్నని పగుళ్లకు పనికొస్తుందా? లైకెన్‌లను గీకకుండానే నమోదు చేయాలని నా పట్టుదల. అనుభవం ఉన్నవారు దయచేసి దారి చూపండి.