అంగన్‌వాడీలో ఆట మూలలు: కిట్టు కొనాలా, మనమే కూర్చుకోవాలా?

కోనసీమ టీచర్:
మా ఊరి నుంచి గల్ఫ్‌కు వెళ్లి స్థిరపడిన కుటుంబం ఒకటి మా అంగన్‌వాడీకి పాతిక వేలు ఇస్తామంది. షరతు ఒక్కటే, డబ్బంతా పిల్లల ఆట సామగ్రికే వాడాలి. వెంట ఒక దుకాణం కేటలాగు కూడా పంపారు: ప్లాస్టిక్ జారుడుబండ, రంగురంగుల బ్లాకులు, వంటింటి సెట్టు, పూసల చట్రం. అన్నీ కొంటే సొమ్ము సరిగ్గా సరిపోతుంది, పైసా మిగలదు.

నాకున్నది ఒక్క గది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి పైనే. వాళ్ల వెంట వచ్చే చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అదనం. నా ఆలోచన వేరు. ముందు పిల్లల చేతికి అందే ఎత్తులో రెండు అరలు చేయించి గదిని మూలలుగా విడదీయాలి: దిమ్మల మూల, పుస్తకాల మూల, ఇల్లు ఆట మూల, లెక్కల మూల. దిమ్మలు, పుస్తకాలు కొనాలి. గవ్వలు, కొబ్బరి చిప్పలు, చాటలు, పాత చీరలు ఊళ్లోనే దొరుకుతాయి. పైవాళ్లేమో "కిట్టయితే ఫొటోలో నిండుగా కనిపిస్తుంది" అంటున్నారు. కొనమనేవాళ్లూ వద్దనేవాళ్లూ కారణంతో సహా చెప్పండి.

వరంగల్ నాన్న:
కిట్టే కొనండి. స్థానిక వస్తువులు అనే మాట వినసొంపుగానే ఉంటుంది. కానీ అది ఎప్పుడూ అంగన్‌వాడీ పిల్లలకే ఎందుకు వర్తిస్తుంది? ఫీజు కట్టే బడిలో చింతపిక్కలు ముందు పోస్తే తల్లిదండ్రులు ఊరుకుంటారా? మా తోడల్లుడు కూలి పని చేస్తూ కూడా పిల్లవాణ్ని ప్రైవేటు నర్సరీకి పంపుతున్నాడు. ఎందుకని అడిగితే, "అక్కడ బొమ్మలున్నాయి, ఇక్కడ అన్నం, గుడ్డు తప్ప ఏమున్నాయి?" అన్నాడు. 2023 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం జాదూయీ పిటారా తెచ్చింది కదా. బొమ్మలు, పజిళ్లు, కథల పుస్తకాలు, పోస్టర్లు, అన్నీ ఒకే పెట్టెలో. ప్రభుత్వానికే పెట్టె కావాలనిపించినప్పుడు మీకెందుకండీ మొహమాటం?

విశ్రాంత సూపర్‌వైజర్, నెల్లూరు:
పెట్టె సంగతి నన్నడగండి. ఉద్యోగకాలంలో నేను చూసిన చాలా కేంద్రాల్లో కిట్టు ఉండేది బీరువాలో, తాళం వెనక, కవరు కూడా విప్పకుండా. టీచర్లు బద్ధకస్తులని కాదు. ఆ కిట్టు స్టాకు రిజిస్టరులోకి ఎక్కుతుంది. బొమ్మ విరిగినా, పజిల్‌లో ఒక ముక్క పోయినా తనిఖీకి వచ్చినవాళ్లు "ఏదమ్మా?" అంటారు. సంజాయిషీ ఎవరు రాసుకుంటారు? అందుకే తనిఖీ రోజున బయటికి, మర్నాడు లోపలికి. కొబ్బరి చిప్ప పగిలితే అడిగే నాథుడు లేడు, కనుక అది రోజూ పిల్లల చేతుల్లోనే ఉంటుంది. చవక వస్తువులో నాకు నచ్చేది ఇదే.

కోనసీమ టీచర్ గారూ, ఏది కొన్నా ముందు అరలు చేయించండి. రెండున్నర అడుగుల ఎత్తు దాటకూడదు, తలుపులు ఉండకూడదు, గోడకు బిగించాలి. లేకపోతే ఎక్కి మీద పడేసుకుంటారు. పుస్తకాలు అట్ట ఎదురుగా కనిపించేలా నిలబెట్టండి. చదవడం రాని పిల్లలు బొమ్మ చూసే పుస్తకం తీస్తారు. ఉన్నవన్నీ ఒకేసారి బయటపెట్టకండి. సగం దాచి, పదిహేను రోజులకోసారి మార్చండి. పాతవే అయినా కొత్తవి వచ్చాయని సంబరపడతారు.

కరీంనగర్ టీచర్:
ఖర్చు లేని సామగ్రి అనేవాళ్లను ఒక్క వారం నా కుర్చీలో కూర్చోబెట్టాలని ఉంది. పిల్లల తూకాలు, ఇంటింటికీ తిరగడం, పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు, గుడ్లు, పాలు, బాలామృతం లెక్కలు, వీటి మధ్యలో ఆటపాటలు. అట్టలు కత్తిరించి, రంగులేసి, కార్డులు అతికించేది ఎప్పుడు? రాత్రి ఇంట్లో పనులన్నీ అయ్యాక. జిగురు, చార్టులు, స్కెచ్ పెన్నులు మా సొంత డబ్బుతో కొంటాం. ఆ శ్రమకు ఎవరూ విలువ కట్టరు కనుకనే దానికి ఖర్చు లేదంటున్నారు. ఒక వానాకాలం గడిచేసరికి అట్ట బొమ్మలు చెమ్మకు, చెదలకు పోతాయి, పని మళ్లీ మొదటికి వస్తుంది. నేను కిట్టు పక్షమే. తయారు చేసే పనికి కూలి ఇస్తామంటే అప్పుడు ఆలోచిస్తాను.

పిల్లల డాక్టర్, రాజమహేంద్రవరం:
రెండు పక్షాలకూ నా దగ్గర చీవాట్లున్నాయి. ముక్కులో శనగగింజ, చెవిలో చింతపిక్కతో వచ్చే పిల్లలు మాకు కొత్త కాదు. మూడేళ్లలోపు వాళ్లు కూడా గదిలో తిరుగుతారని టీచర్ గారే రాశారు. బొమ్మల భద్రతా పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా ఆ వయసు పిల్లలకు పనికిరాదు. చింతపిక్కలు, చిన్న గవ్వలు, గుండీలు అన్నీ అందులో పడేవే. అవి పై అరలో ఉంచి, పెద్ద పిల్లలకు మాత్రం పళ్లెంలో పోసి, మీ కళ్లెదుటే ఇవ్వండి. గురివింద గింజలు ముచ్చటగా ఉన్నాయని, ఆముదం గింజలు చేతికి దొరికాయని లెక్కలకు తెస్తుంటారు. నమిలితే రెండూ విషమే. గుమ్మం లోపలికి రానివ్వకండి.

ఇక కిట్టు కొనేవాళ్లకు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. రోడ్డు పక్కన కుప్పపోసి అమ్మే వాటిమీద ఆ గుర్తు కోసం ఒకసారి వెతకండి. పాటలు పాడే బొమ్మల్లో గుండ్రటి బొత్తాం బ్యాటరీ ఉంటుంది. మింగితే కొన్ని గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మ కొనకండి.

పాత పుస్తకాల పురుగు, గుంటూరు:
వరంగల్ నాన్న గారూ, స్థానిక వస్తువులంటే పేదలకోసం స్థాయి తగ్గించిన చదువు అనుకోకండి. శిశువిద్యలో పనిచేసిన తారాబాయి మోడక్, పిల్లలు ప్రత్యేక సామగ్రితో తామే చేసి నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతిని గుజరాత్‌లోని భావనగర్‌లో విద్యావేత్త గిజుభాయి దగ్గర ఆచరణలో చూసిన మనిషి. ఆ సామగ్రి ఖరీదు పల్లెకు అందదని తెలిసే, 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో, తరువాత కోస్‌బాడ్‌లో వార్లీ గిరిజన పిల్లల మధ్య, చుట్టూ దొరికే వస్తువులతో బాలవాడీ, అంటే చిన్నపిల్లల బడి, నడిపారు. అక్కడ గింజ పెట్టినా రాయి పెట్టినా దేనికి పెట్టారో టీచరుకు తెలుసు. ఇది బరువు పోల్చడానికి, ఇది నునుపు గరుకు తెలియడానికి అని. ఇప్పుడు కొన్నిచోట్ల ఖాళీ సీసాలు, ఐస్‌క్రీం పుల్లలు గుట్టపోసి దానికి మూల అని కాగితం అంటిస్తున్నారు. దాన్ని నేనూ సమర్థించను.

వరంగల్ నాన్న:
ఆ చివరి మాటతో ఏకీభవిస్తాను. అయితే ప్లాస్టిక్ వద్దనుకుంటే మన ఏటికొప్పాక లక్కబొమ్మలు లేవా? అంకుడు కర్ర, సహజ రంగులు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి గుర్తింపు ఉన్న చేతివృత్తుల బొమ్మలకు ఐఎస్ఐ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. లక్కపిడతలు పెడితే ఇల్లు ఆట మూల కళకళలాడుతుంది.

పిల్లల డాక్టర్, రాజమహేంద్రవరం:
మినహాయింపు కాగితం మీదే, పిల్లల గొంతుకు కాదు. మామూలు లక్కపిడతలు చాలావరకు నేను చెప్పిన గొట్టంలో పడిపోతాయి. పెద్ద పరిమాణంలో చేయించుకోండి.

కోనసీమ టీచర్:
అందరి మాటా విని ఇలా లెక్క వేశాను. అరలు రెండు 9,000. చాపలు 2,000. కథల పుస్తకాలు 3,000. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి కానీ పిల్లలు పేజీ తిప్పాలి, ఫోను కాదు. మామిడి చెక్క దిమ్మలు 5,000. ఒకదానికి రెండింతలు, నాలుగింతలు పొడవుండేలా కోయించి, అంచులు ఉప్పు కాగితంతో నున్నగా రుద్దించి, రంగు వేయకుండా వదిలేస్తాం. రెండు చిన్నవి పక్కపక్కన పెడితే ఒక పెద్దదవుతుందని పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. కరీంనగర్ టీచర్ గారి మాట న్యాయమైనది కనుక, గుడ్డ బొమ్మలు, సంచులు కుట్టే ఇద్దరు తల్లులకు కూలి 2,000. మిగిలిన 4,000 ఏడాది పొడవునా విరిగినవి, పోయినవి మార్చడానికి.

కరీంనగర్ టీచర్:
రెండు వేలు తక్కువే, అయినా లెక్కలో కూలి అనే వరుస కనిపించింది, సంతోషం. మరి జారుడుబండ లేదని దాతలు అడగరా?

కోనసీమ టీచర్:
అడిగారు. మాకు వాకిలి లేదు, గదిలో పెడితే పిల్లలు కూర్చునే చోటు పోతుందని గది ఫొటో పంపాను. ఇంకా జవాబు రాలేదు. నా సందేహం వేరు. ఆ నాలుగు వేల వస్తువులు రిజిస్టరులో ఎలా రాయాలి? స్టాకుగా రాస్తే మళ్లీ బీరువా గొడవే కదా?

విశ్రాంత సూపర్‌వైజర్, నెల్లూరు:
సబ్బు, చీపురు రాసినట్టే ఖర్చయ్యే సామగ్రి కింద రాసి, మీ పైవాళ్లతో ముందే సంతకం పెట్టించుకోండి. గుడ్డ బొమ్మలు, చాటలు, చిప్పలు అన్నీ అందులోకే. అరలు, దిమ్మలు మాత్రం స్థిర స్టాకులో రాయక తప్పదు. దిమ్మలను సంఖ్య వేసి రాయకండి. "ఒక సెట్టు" అని రాయండి.