చర్చ: ఎప్పటికీ ఇష్టమైన నవలలు, ఈ మధ్య చదివినవి (బెజవాడ, గుంటూరు పాఠకులు రండి)

సత్యనారాయణపురం పాఠకుడు
రిటైరయ్యాక మళ్లీ గట్టిగా చదవడం మొదలుపెట్టాను. పాతవాటిలో నాకు ప్రాణమైనవి బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’, గోపీచంద్ గారి ‘అసమర్థుని జీవయాత్ర’, రావిశాస్త్రి గారి ‘అల్పజీవి’, కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’. ఈ నాలుగూ నా మంచం పక్కనే ఉంటాయి. మొదటిది కాలేజీ రోజుల్లో చదివినప్పుడు కథానాయకుడు దయానిధి ఒంటరితనం నాదే అనిపించింది. ఇప్పుడు చదువుతుంటే అతని తల్లి మీద లోకం వేసిన నింద, ఆ నింద కొడుకు వేసే ప్రతి అడుగుకీ అడ్డుపడటం, అదే అసలు నవల అనిపిస్తోంది.
ఈ మధ్య ‘శప్తభూమి’, ‘రామేశ్వరం కాకులు’ చదివాను. రెండూ సాహిత్య అకాడమీ అవార్డు పొందినవే, రెండూ నచ్చాయి. గత నాలుగైదేళ్లలో వచ్చిన నవలల్లో తప్పక చదవాల్సినవి చెప్పండి. అక్షరాలు కాస్త పెద్దగా వేసే ప్రచురణలు ఏవో కూడా చెప్పండి, కళ్లు త్వరగా అలసిపోతున్నాయి. జనవరి పుస్తక మహోత్సవం దాకా ఆగకుండా ఏలూరు రోడ్డులో ఎక్కడ వెతకాలి?

అరండల్‌పేట అమ్మాయి
సార్, దయానిధి గురించి అందరూ రాస్తారు. అమృతం గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరు? ఆ నవల చదివాక నన్ను వారాల తరబడి వెంటాడింది ఆవిడే. దయానిధికి జీవితం ఏమిటో ఆలోచించుకోవడానికి పేజీలకు పేజీలు ఉన్నాయి. ఆమెకు ఉన్నది అతనితో గడిపిన ఒక్క రాత్రి. ఆ తర్వాత భర్త ఇంట్లో, బంధువుల మధ్య ఏమీ జరగనట్టు బతకాల్సింది ఆమే. కోమలి, ఇందిర, అమృతం, ముగ్గురూ అతని ప్రశ్నలకు జవాబు చెప్పడానికే పుట్టినట్టు ఉంటారు. గొప్ప నవలే, నేను కాదనను. కానీ ఇష్టమైన నవల అని చెప్పేవాళ్లు ఈ సంగతి దాటేస్తుంటే ఒళ్లు మండుతుంది.

మిర్చియార్డు మాస్టారు
అమ్మా, డిగ్రీ విద్యార్థులకు ఈ నవల పాఠం చెప్పినవాణ్ని నేను. 1940ల్లో రాసిన పుస్తకాన్ని ఇప్పటి కొలతలతో కొలవకూడదు. బుచ్చిబాబు రాసింది ఒక మనిషి మనసు లోపలి కథ. దయానిధి కళ్లతోనే లోకం కనపడాలి, అది రచయిత ఎంచుకున్న పద్ధతి. అమృతం కళ్లతో కావాలంటే అది వేరే నవల అవుతుంది. ముందు శిల్పం అర్థం చేసుకుని తర్వాత అభ్యంతరాలు చెప్పాలి.

డిటెక్టివ్ రాజు ఫ్యాన్
ఇక్కడ ఎవరూ డిటెక్టివ్ యుగంధర్ పేరు ఎత్తరని నాకు తెలుసు. కొమ్మూరి సాంబశివరావు లేకపోతే నాలాంటివాడు అసలు పుస్తకం పట్టేవాడే కాదు. మా గవర్నర్‌పేట సందులో అద్దె పుస్తకాల షాపు ఉండేది. అట్ట మీద బ్రౌన్ పేపరు, లోపల మొదటి పేజీ నిండా తేదీల ముద్రలు, చివరి పేజీ మాత్రం ఎవడో చింపుకుపోయేవాడు. హంతకుడు ఎవరో తెలియక షాపువాడితో గొడవపడి ఇంకో కాపీ తెప్పించుకునేవాణ్ని. తర్వాత మధుబాబు షాడో. ఆ చదివిన అలవాటుతోనే రావిశాస్త్రి దాకా వచ్చాను. ‘అల్పజీవి’లో సుబ్బయ్య భయపడుతుంటే నా గుండె కొట్టుకుందంటే ఆ సస్పెన్స్ రుచి నాకు నేర్పింది డిటెక్టివ్ పుస్తకాలే. ఇష్టమైన పుస్తకాలు అనగానే అందరూ సిలబస్ లిస్టు రాస్తారు ఎందుకు?

కొత్తపేట కోడలు
రాజు గారూ, మా అత్తగారు వీక్లీల్లోంచి సీరియల్ పేజీలు కోసి, వారం వారం దాచి, చివర్లో బైండు చేయించేవారు. పేజీ వెనక వైపు సబ్బు ప్రకటనలు, వారఫలాలు, సగం తెగిపోయిన వేరే సీరియల్ ముక్కలు. బాపు బొమ్మలు మాత్రం అంచు తెగకుండా కోసేవారు. యద్దనపూడి గారి నవలలు నేను అలాగే చదివాను. ‘సెక్రటరీ’లో రాజశేఖరం కారు ఆగిందంటే మా వీధి ఆడవాళ్లకి ఆ మధ్యాహ్నం నిద్ర ఉండేది కాదు. ఇల్లు మారేటప్పుడు మా ఇంట్లోవాళ్లు ఆ బైండులన్నీ పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేశారు. కొట్టుకి మళ్లీ మనిషిని పంపితే అప్పటికే లారీ వెళ్లిపోయిందన్నారు. ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది. పుస్తకం విలువ ధర చూసి కట్టేవాళ్ల చేతికి అలమారా తాళం ఇవ్వకండి.

అరండల్‌పేట అమ్మాయి
మాస్టారూ, శిల్పం నాకూ అర్థమవుతుంది. దయానిధి కళ్లతో కథ చెప్పడం పద్ధతి అయితే, ఆ కళ్లకి ఏం కనపడలేదో అడగడం పాఠకురాలి హక్కు. బుచ్చిబాబు గారి ఇంట్లోనే ఆయన భార్య శివరాజు సుబ్బలక్ష్మి గారు ఉన్నారు. ఆవిడా కథలూ నవలలూ రాశారు, బొమ్మలు వేశారు. మీరు పాఠం చెప్పిన రోజుల్లో ఆవిడ కథ ఒక్కటైనా క్లాసులో చదివించారా?

మిర్చియార్డు మాస్టారు
సిలబస్ నేను తయారుచేయను తల్లీ. అడిగే తీరు మాత్రం మార్చుకో.

మారుతీనగర్ మూర్తి
ఎవరూ ‘వేయిపడగలు’ అనలేదేమిటి? విశ్వనాథ వారు నడిచిన ఊళ్లో ఉంటూ ఆ పేరే తలవకుండా జాబితా రాశారు. 29 రోజుల్లో చెబుతూ పోతే రాయించిన నవల అది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని బాపిరాజు గారి ‘నారాయణరావు’తో కలిపి పంచారు. పి.వి. నరసింహారావు గారు హిందీలోకి తెచ్చారు. సుబ్బన్నపేట గుడి, కోట, ధర్మారావు, గిరిక నాట్యం, ఒక నాగరికత మొత్తం కూలిపోవడం కళ్ల ముందు కనపడుతుంది. పసిరిక పాత్ర లాంటిది ఏ భాషలోనైనా ఉందేమో చూపించండి.

పల్నాటి పాఠకుడు
మూర్తి గారూ, ఆ కూలిపోయిన నాగరికతలో మా తాతలు ఊరి బయట ఉన్నారు. నాకు ఆ కన్నీళ్లు రావు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1922లో, ‘మాలపల్లి’ వచ్చింది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు పల్నాడు పుల్లరి (పశువుల మేత పన్ను) వ్యతిరేక ఉద్యమంలో అరెస్టయి రాయవేలూరు జైల్లో రాసిన నవల. ప్రభుత్వం నిషేధించింది. గుంటూరులో శారదా నికేతనం పెట్టి ఆడపిల్లలకు చదువు చెప్పించిందీ ఆయనే. రామదాసు ఇంట్లో వాళ్లు మాట్లాడుకునే మాటలు మా ఊళ్లో ఇప్పటికీ వినిపిస్తాయి. సంగదాసు చావు దగ్గర నేను పుస్తకం మూసి బయటికి వెళ్లిపోయాను, వెంటనే చదవలేకపోయాను. దాని తర్వాత వరసగా కల్యాణరావు గారి ‘అంటరాని వసంతం’ చదవండి. ఎల్లన్న వీధి నాటకం కట్టే పేజీలు చదివితే తెలుగు నవల ఎక్కడిదాకా వెళ్లగలదో తెలుస్తుంది. ఈ రెండూ లేని ఇష్టమైన నవలల జాబితా నా దృష్టిలో సగమే.

మారుతీనగర్ మూర్తి
కులం తీసుకురాకుండా పుస్తకం మాట్లాడుకోలేమా?

పల్నాటి పాఠకుడు
నేను తీసుకురాలేదండీ, రెండు నవలల్లోనూ అది ఉంది. ‘వేయిపడగలు’ మొత్తం వర్ణవ్యవస్థ గురించే కదా. ధర్మారావు దానికోసం బాధపడితే సాహిత్యం, సంగదాసు దానివల్ల చనిపోతే కులమా? నేను మీ పుస్తకం చివరిదాకా చదివాను. మీరు ‘మాలపల్లి’ చదివారా, చెప్పండి.

మారుతీనగర్ మూర్తి
మొదటి భాగం చదివాను. భాష నాకు పట్టలేదు.

కొత్తపేట కోడలు
అదేమిటి మూర్తి గారూ, ‘వేయిపడగలు’ భాష అందరికీ సులువుగా పడుతుందా? మా గుంటూరు జిల్లా ఇళ్లలో మాట్లాడే మాట ‘మాలపల్లి’లో ఉంది. వంటింట్లో చదువుకుంటూ కూర మాడ్చుకున్న నవల అది నాకు.

బీసెంట్ రోడ్డు బుక్స్
పుస్తకాల వ్యాపారంలో పెరిగినవాణ్ని, ఎవరు ఏం కొంటున్నారో నాకు రోజూ కనపడుతుంది. అసలు ప్రశ్న కొత్త నవలలు కదా, దానికి జవాబు చెప్పేవాళ్లు లేరు. సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి గారి ‘కొండపొలం’ తీసుకోండి. కరువులో గొర్రెల్ని నల్లమలకి తోలుకుపోయే కాపరుల కథ. సినిమా చూసినా సరే, పుస్తకం చదవాల్సిందే. అడవిలో నీళ్లకోసం వెతుక్కోవడం, పులి జాడ తెలిసిన రాత్రి మంద చుట్టూ కాపలా కాయడం సినిమాలో పట్టేవి కావు. మధురాంతకం నరేంద్ర గారి ‘మనోధర్మపరాగం’ దేవదాసీ కుటుంబాల సంగీతం గురించి, 2022 అకాడమీ అవార్డు దానికే వచ్చింది. నెమ్మదిగా చదవాలి. కుర్రవాళ్లు అడిగేది మాత్రం రవి మంత్రి ‘అమ్మ డైరీలో కొన్ని పేజీలు’. ఎప్పుడూ తెలుగు పుస్తకం ముట్టని పిల్లలు వచ్చి పేరు చెప్పి అడుగుతున్నారు.

మిర్చియార్డు మాస్టారు
అమ్ముడుపోవడం వేరు, నిలబడటం వేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టుకోవడానికి కొనే పుస్తకాలను ఈ జాబితాలో కలపవద్దు. గోపీచంద్ సీతారామారావును సృష్టించాడు. వంశప్రతిష్ఠ అనే మాట పట్టుకుని ఆస్తి పోగొట్టుకుని, మాటలతో తనను తాను తినేసిన మనిషి. అలాంటి పాత్ర ఒక్కటి ఈ కొత్తవాళ్లలో చూపించండి.

బీసెంట్ రోడ్డు బుక్స్
మాస్టారూ, మీరు ‘అమ్మ డైరీలో కొన్ని పేజీలు’ చదివి మాట్లాడుతున్నారా? యద్దనపూడి గారిని, యండమూరి గారిని కూడా ఒకప్పుడు ఇలాగే పక్కన పెట్టారు. ‘తులసిదళం’ వీక్లీలో వస్తున్నప్పుడు చదవని ఇల్లు లేదు. ఆ పాఠకులే తర్వాత మీ గోపీచంద్ దగ్గరికి వచ్చారు. పైన రాజు గారు చెప్పింది అదే. పిల్లల్ని గుమ్మంలోనే తిట్టి పంపితే లోపలికి ఎవరొస్తారు?

డిటెక్టివ్ రాజు ఫ్యాన్
అదీ మాట.

కృష్ణలంక రీడర్
ఇవన్నీ కొనాలంటే నెలకి ఎంతవుతుందో ఆలోచించారా? పాతవన్నీ స్కాన్ చేసినవి నెట్‌లో దొరుకుతాయి. నేను ఫోన్‌లోనే చదువుతాను, అక్షరం ఎంత పెద్దది కావాలంటే అంత చేసుకోవచ్చు.

బీసెంట్ రోడ్డు బుక్స్
కాపీరైటు తీరిన పుస్తకాలైతే హాయిగా చదువుకోండి. బతికున్న రచయిత పుస్తకాన్ని స్కాన్ చేసి గ్రూపుల్లో పంచడం మాత్రం దొంగతనమే. రచయిత సొంత డబ్బు పెట్టి వెయ్యి కాపీలు అచ్చేసి, అవి అమ్ముడవక ఇంట్లో పేర్చుకున్న సంగతి నా కళ్లతో చూశాను. డబ్బు ఇబ్బందైతే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గరికి వెళ్లండి, లేదా గ్రంథాలయానికి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆంధ్రదేశ గ్రంథాలయ ఉద్యమానికి ఈ ఊళ్లోనే పునాది వేశారు. గుంటూరువాళ్లకు అన్నమయ్య గ్రంథాలయం ఉంది, అక్కడ దొరకని పాత నవల నేను వినలేదు.

కొత్తపేట కోడలు
అన్నమయ్య గ్రంథాలయం మాట నిజం. పోగొట్టుకున్న సీరియళ్లలో కొన్ని నాకు పుస్తకాలుగా అక్కడే కనపడ్డాయి.

మారుతీనగర్ మూర్తి
పుస్తక మహోత్సవం అనగానే స్వరాజ్ మైదానం గుర్తొస్తుంది. జనవరి ఒకటిన సాయంత్రం అక్కడ ఉంటే అదే మాకు కొత్త సంవత్సరం. మైదానం నిండా స్టాళ్లు, మధ్యలో సాహిత్య వేదిక, రచయితల పక్కనే నిలబడి టీ తాగేవాళ్లం. ఇప్పుడు అక్కడ అంబేడ్కర్ స్మృతివనం వచ్చింది, 2025లో ఇందిరాగాంధీ స్టేడియంలో పెట్టారు. జనం వచ్చారు కానీ పాత విశాలం లేదు.

పల్నాటి పాఠకుడు
నాకు స్టేడియమే బాగుంది. బస్సు దిగి నడిచి వెళ్లాను. స్మృతివనం చూసుకుని పుస్తకాలకి వెళ్లడం మా పిల్లలకి రెండు పండుగలు.

అరండల్‌పేట అమ్మాయి
మాస్టారు నా ప్రశ్నకి జవాబు ఇవ్వకుండా గోపీచంద్‌కి వెళ్లిపోయారు. అమృతం గురించి ఒక్క మాట చెప్పండి. ఆవిడ పాఠకులకి ఎందుకు కనపడదు?

మిర్చియార్డు మాస్టారు
కనపడదని ఎవరన్నారు? ఆ నవలలో వెలుగు ఉన్నదంతా ఆమె దగ్గరే ఉంది. దయానిధికి ప్రేమించడం చేతకాదు, ఆమెకు అది పుట్టుకతో వచ్చింది. ఏమీ అడగకుండా ఇచ్చిన మనిషి ఆమె ఒక్కతే. నేను క్లాసులో ఇదే చెప్పేవాణ్ని.

అరండల్‌పేట అమ్మాయి
ఏమీ అడగకుండా ఇచ్చింది కాబట్టే మీకు నచ్చింది మాస్టారూ. నా అభ్యంతరం సరిగ్గా అక్కడే. ఆమె ఏదైనా అడిగి ఉంటే అప్పుడు ఏం రాసేవారో నాకు కావాలి.

సత్యనారాయణపురం పాఠకుడు
అందరికీ ధన్యవాదాలు. ‘కొండపొలం’, ‘మనోధర్మపరాగం’ రాసుకున్నాను. ‘మాలపల్లి’ నా దగ్గర ఉంది, ‘అంటరాని వసంతం’ లేదు. మూర్తి గారూ, ‘వేయిపడగలు’ చదివాను. అరుంధతి చనిపోయే భాగం మర్చిపోలేను, అయినా మంచం పక్కన పెట్టుకునే పుస్తకం కాదు నాకు. అమ్మాయి చెప్పిన అమృతం సంగతి నన్ను ఆలోచనలో పడేసింది, ఈసారి ఆమె వచ్చే పేజీలు మాత్రమే వరసగా చదువుతాను. అక్షరాల సైజు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫోన్ నా వల్ల కాదు.

పల్నాటి పాఠకుడు
‘అంటరాని వసంతం’ నా దగ్గర రెండు కాపీలున్నాయి సార్. ఆదివారం బెజవాడ వస్తున్నాను, ఒకటి తెచ్చిస్తాను. తిరిగి ఇవ్వక్కర్లేదు. మూర్తి గారికి కూడా ‘మాలపల్లి’ రెండో భాగం కావాలంటే చెప్పమనండి.

మారుతీనగర్ మూర్తి
తెండి. చదివాకే మాట్లాడతాను.