ఉమ్మడి గొర్రె 'పుచ్చి' చచ్చిందా, కాలం 'పుచ్చి' చచ్చిందా?

గోదారిగట్టు: మా సోషల్ మాస్టారు పదో తరగతిలో ఉమ్మడి జాబితా (కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయగల అంశాల పట్టిక) పాఠం చెప్పేటప్పుడు ఒక సామెత వాడేవారు, ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది అనో పుచ్చిపోయింది అనో, నాలుగు రోజులుగా నోట్లోనే ఆడుతోంది కానీ చివర తేలట్లేదు. మా ఊరి బడిలో గది పైకప్పు పెచ్చులు ఊడుతోంటే అడగడానికి వెళ్లాం, కేంద్రం నుంచి 60 పాళ్లు రావాలి, రాష్ట్రం 40 వెయ్యాలి, అప్పుడు చూద్దాం అన్నారు. అక్కడే గుర్తొచ్చింది. అయినా గొర్రె పుచ్చడమేంటండీ, పుచ్చేవి వంకాయా పన్నూ కదా?

పాతఅటక: 'పుచ్చి చచ్చింది' అనే నేనూ విన్నాను. కానీ పుచ్చడం అంటే కుళ్లడం ఒక్కటే కాదు గోదారి గారూ, కాలం పుచ్చడం అంటాం కదా. వాళ్లు చూస్తార్లే అని వీళ్లు, వీళ్లు చూస్తార్లే అని వాళ్లు రోజులు పుచ్చారు, ఈలోగా గొర్రె చచ్చింది. నా లెక్కన అసలు అర్థం ఇదే.

పాలమూరు: కాదన్నా. నేను గొర్లు కాసే ఇంట్ల పుట్టిన. వానకాలం గొర్రెకు చిన్న దెబ్బ తగిలినా ఈగలు వాలి రెండు మూడు దినాలల్ల పురుగు పడ్తది, ఉన్ని కింద ఉంటది కాబట్టి పైకి మంచిగనే మేస్తుంటది. మా నాయిన రోజూ పొద్దుగాల ఒక్కొక్కదాన్ని పట్టుకొని వేళ్లతోని ఉన్ని విడదీసి చూస్తుండె, పురుగు కనపడితే కర్పూరం పొడి కూరి కట్టు కడ్తుండె. ఒక్కనిదైతే అట్ల చూస్తడు. ఇద్దరిదైతే ఎవ్వడు ఉన్ని విడదియ్యడు. గదే పుచ్చుడు, వేరే అర్థం లేదు.

గోదారిగట్టు: పైకి బాగుండి లోపల పురుగులంటే వేమన మేడిపండే! అన్నట్టు అది 'మేలిమై యుండు'నా, 'మేలిమై నుండు'నా? మా ఇంట్లో 'నుండు' అనే పాడేవాళ్లు.

పాతఅటక: 'యుండు'నే. మేలిమై లో ఉన్నది 'అయి', క్త్వార్థక ఇకారానికి, అంటే 'చేసి', 'వచ్చి' లాంటి మాటల చివరి 'ఇ'కి, సంధి లేదు, యడాగమమే, అంటే మధ్యలో 'య' చేరడమే వస్తుంది, నకారానికి అక్కడ చోటే లేదు. 1829లో బ్రౌను దొర అచ్చువేయించేనాటికే వేమన పద్యాలు చేతులు మారి మారి పాఠాలు బోలెడయ్యాయి, నోటిమీద బతికిన కవికి అది తప్పదు. నాకు ఆయన మీద ప్రేమ ఇంకా పెరిగేది అందుకే.

నల్లకోటు: మీరు గొర్రెనీ మేడిపండునీ పట్టుకున్నారు, నా పేచీ 'ఉమ్మడి'తోనే. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి గోడ, ఉమ్మడి రాజధాని, ఉమ్మడి జాబితా, అన్నిటికీ ఒకటే మాటా? ఉమ్మడి ఆస్తి అంటే పంచుకోనిది, అందరికీ హక్కున్నది. రాజ్యాంగం 254వ అధికరణం చూడండి, ఉమ్మడి జాబితా అంశం మీద రెండు చట్టాలు ఢీకొంటే నిలిచేది కేంద్రానిదే, రాష్ట్రం మాట నెగ్గాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి, భూసేకరణ సవరణకి తెలంగాణ 2017లో తెచ్చుకుంది చూడండి, అలాగన్నమాట. పెద్దన్న మాటే చెల్లే చోట ఉమ్మడి అనొచ్చా?

గోదారిగట్టు: ఉమ్మడి జాబితాకి హిందీ వాళ్లు వాడే 'సమవర్తి' తెచ్చుకుంటే?

పాతఅటక: అయ్యో, సమవర్తి అంటే యముడండీ! సంస్కృత నిఘంటువు అమరకోశం చదివినవాళ్లెవరూ ఒప్పుకోరు.

నల్లకోటు: మరి 'పొత్తు' జాబితా?

పాతఅటక: ఈ రోజుల్లో పొత్తంటే ఎన్నికలే గుర్తొస్తాయి. 'ఉమ్మడి'నే ఉండనివ్వండి, దాన్లో ఇంటి వాసన ఉంది.

పాలమూరు: ఒక్కటి అడుగుత నల్లకోటన్నా, బడి ముందుగాల ఎవరిది?

నల్లకోటు: రాష్ట్రానిదే. 1976లో రాజ్యాంగం 42వ సవరణతో చదువునీ అడవుల్నీ తూనికలు కొలతల్నీ ఉమ్మడిలోకి మార్చారు.

పాలమూరు: అంటే ఒక్కని గొర్రెను ఇద్దరిది చేసిండ్రు. ఇప్పుడు ఉన్ని విడదీసి చూసేదెవరో గోదారన్న ఊరోళ్లకు ఎవరన్నా చెప్పాలె. ఇగ సామెత చివర మా అవ్వ 'చచ్చింది' అనకపోతుండె, 'పుచ్చి సచ్చె' అంటుండె.

గోదారిగట్టు: 'చచ్చె'నా! మాస్టారూ అలాగే అనేవారేమో, 'చె' దగ్గర గొంతు దించేవారు. పాతఅటక గారూ, ఈ 'చె'కి మీ కాలం పుచ్చడం అతుకుతుందంటారా?