కన్యారాశిలో కదలని చుక్క: మళ్ళీ ఎక్కడ మెరుస్తుందో ముందే చెప్పొచ్చా?

కడియం కెమెరా:
మార్చి 12 రాత్రి మేడ మీద ట్రైపాడ్ పెట్టి కన్యారాశిని వరసగా ఫోటోలు తీస్తున్నా. పన్నెండు దాటాక, ఆ రాశిలోని ఈటా కన్య అనే నక్షత్రానికి రెండు డిగ్రీలు దక్షిణంగా కొత్త చుక్క తేలింది. కాసేపు వెలిగి మెల్లగా ఆరిపోయింది. ఫ్రేము ఫ్రేముకీ నక్షత్రాలన్నీ పడమటికి జరుగుతున్నా ఇది మాత్రం ఉన్న పిక్సెల్ వదల్లేదు. ఒకప్పుడు ఇరిడియం ఫోన్ ఉపగ్రహాల మెరుపులు సెకన్లతో సహా ముందే చెప్పేవారు కదా, దీనికీ అలాంటి లెక్కేమైనా ఉందా?

నైట్‌షిఫ్ట్:
స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహం అయ్యుంటుంది బ్రో. ఈమధ్య ఏది మెరిసినా అదే.

గూడెం డిష్:
స్టార్‌లింక్ ఒకచోట నిలబడదు తమ్ముడూ, నిమిషాల్లో ఆకాశం దాటేస్తుంది. ఇది భూస్థిర ఉపగ్రహం, అంటే భూమితో సమానంగా తిరుగుతూ మనకి ఒకేచోట నిలిచినట్టు కనిపించేది. కడియం గారూ, మీరు చెప్పిన చోటూ టైమూ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి సరిపోతున్నాయి. జీశాట్-15, జీశాట్-17 ఉండేది అక్కడే. మీ వీధిలో ఫ్రీ డిష్ గొడుగులన్నీ చూసేదీ అటే.

నేను డిష్‌లు బిగించేవాణ్ణి, టెలిస్కోపు లేదు. ఏటా మార్చిలో, అక్టోబరులో పగలు పదకొండు దాటితే ఫోన్లు: "బొమ్మ పోయిందండీ!" సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చి సిగ్నల్ ముంచేస్తాడు, కొన్ని నిమిషాలంతే. మెరుపు కూడా ఆ రోజుల్లోనే, రాత్రిపూట.

ఈ ఉపగ్రహాలు భూమధ్యరేఖ నెత్తిన 35,786 కి.మీ. ఎత్తున ఉంటాయి. మనం 17 డిగ్రీలు ఉత్తరాన ఉన్నాం కాబట్టి మనకి 3 డిగ్రీలు దక్షిణానికి వాలి, క్రాంతి (ఆకాశంలో అక్షాంశం లాంటి కొలత) −3 దగ్గర కనిపిస్తాయి. సూర్యుడు −3కి వచ్చేది మార్చి 12, అక్టోబరు 1 ప్రాంతాల్లో. అప్పుడు సోలార్ పలకల మీద పడ్డ ఎండ అంతే వాలుతో ఉత్తరానికి మళ్ళి మన మీద పడుతుంది. 93.5 తూర్పున అర్ధరాత్రయ్యే వేళకి (మనకంటే ముందే అవుతుంది) అటూ ఇటూ కలిపి గంటకి పైగా ఉపగ్రహం భూమి నీడలో ఉంటుంది. నీడలోకి దూరే ముందు కాసేపు, బయటికొచ్చాక కాసేపు మెరుస్తుంది. మీకు చిక్కింది రెండోది. మొదటిది పదకొండు లోపే, సింహరాశిలోని ఫై సింహ నక్షత్రానికి పడమర పక్కన అయ్యుండాలి. పాత ఫ్రేములుంటే వెతకండి.

కడియం కెమెరా:
అక్టోబరులో ఏ చుక్క పక్కన కాపు కాయాలి?

గూడెం డిష్:
ఉపగ్రహం కదలదు, నక్షత్రాలే దాని వెనక నాలుగు నిమిషాలకో డిగ్రీ చొప్పున జరుగుతాయి. స్టెల్లేరియంలో (ఆకాశపటం చూపే సాఫ్ట్‌వేర్) అక్టోబరు 1 రాత్రి పదిన్నర పెట్టి చూడండి, మీనరాశి 27, 29 నంబర్ల చుక్కలు దాని దగ్గరికొస్తాయి. బైనాక్యులర్ తప్పనిసరి.

సెకన్ల లెక్క మాత్రం కుదరదు. ఇరిడియంలో మెరిసేవి ఒంటికి బిగించిన యాంటెన్నా పలకలు, ఒళ్ళు ఎటు వాలి ఉందో తెలిసేది. ఇక్కడ సోలార్ పలక ఒకట్రెండు డిగ్రీలు పక్కకి తిరిగినా మెరుపు మసకే. అందుకే ముందూ వెనకా నాలుగు రోజులు చూడండి, మబ్బులు ఒప్పుకుంటే.

డాలస్ బావ:
మాకూ ఇవే తేదీలా అన్నా?

గూడెం డిష్:
కాదు. ఉత్తరానికి పోయేకొద్దీ వాలు పెరుగుతుంది, మీకు అయిదు డిగ్రీలు దాటుతుంది. మార్చి 6–7, అక్టోబరు 6–7 చూసుకోండి.