పెట్టుబడి సాయం పాసుపుస్తకానికా, పంటకా?

పద్మనాభం కుర్రోడు:
2025 ఆగస్టు 2న ఏపీ సర్కారు రైతు పెట్టుబడి సాయం, అన్నదాత సుఖీభవ మొదటి విడత వేశారు. రాష్ట్రం 5,000, కేంద్రం పీఎం కిసాన్ కింద 2,000, కలిపి 7,000. మా ఊరి భూములకి సంబంధించిన మెసేజీలు ఎక్కువగా మోగింది విశాఖ సిటీలో, ఎంవీపీ కాలనీలో, మధురవాడలో. దున్నేది మేం, దుక్కి ఖర్చు మాది. ఇది ఎవరికి రావాలో మీరే చెప్పండి.

భీమిలి పట్టాదారు:
నాదీ ఎకరంన్నర, కౌలుకే ఇచ్చాను. ఊరికే తినడం లేదు తమ్ముడూ. బోరు నాది, మోటారు కాలితే చుట్టించేది నేను. పోయినేడు పంట పోతే కౌలు సగం వదిలేశాను. అసలు పీఎం కిసాన్ భూమి ఉన్న కుటుంబానికే అని పెట్టారు. మధ్యలో నన్ను దొంగలా చూస్తారేం?

ఆనందపురం పూలబుట్ట:
దొంగని ఎవరన్నారు సార్, నిబంధనే వంకర అంటున్నాం. పీఎం కిసాన్ ఆదాయపన్ను కట్టేవాళ్లని, డాక్టర్లని, లాయర్లని తీసేసింది. గట్టు తొక్కని పట్టాదారుని మాత్రం తీయలేదు. కౌలుదారుకి కేంద్రం ఏడాదికిచ్చే ఆ 6,000 ఏ దారినా రాదు. రాష్ట్రం ఇచ్చేది కావాలంటే సీసీఆర్‌సీ, అంటే పంట సాగుదారు హక్కు కార్డు ఉండాలి. 2019 చట్టం ప్రకారం దానికి ఓనరు సంతకం కావాలి, గడువేమో 11 నెలలు. 2011 చట్టం కింద ఇచ్చిన ఎల్‌ఈసీ (రుణ అర్హత) కార్డుకి ఈ సంతకం బెడద ఉండేది కాదు. కౌలోళ్లకి తలుపు తీశామన్నారు, తాళంచెవి ఓనరు చేతికే ఇచ్చారు.

మా ఓనరు మంచాయనే, పండక్కి బట్టలు పెడతాడు. కాగితం ముందు పెడితే మాత్రం ‘రేపు చూద్దాంలేరా’ అంటాడు. ఆరులైన్ల రోడ్డు పడ్డాక గజాల లెక్కన అమ్ముడుపోయే భూమి, నా పేరు ఎక్కితే ఇరుక్కుంటుందని ఆయన భయం. గట్టిగా అడిగానా, వచ్చే ఏడు చేను ఇంకొకడికి. బ్యాంకుకెళ్తే కార్డేది అంటారు. అందుకే బంతినారు నుంచి కోత కూలీ దాకా అంతా షావుకారు డబ్బే. పండగ దాటి రేటు పడిపోతే పూలు అమ్మగా వచ్చింది ఆటోకిరాయికి కూడా చాలదు. ఆ వారంలోనే ఓనరుకి 7,000 పడిందని తెలిస్తే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అనకాపల్లి బెల్లం:
ఓనర్ల భయం ఊరికే పుట్టలేదు. 1956 కౌలు చట్టం కింద కౌలుదారుని లేపడానికి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. కానీ సీసీఆర్‌సీతో భూమి మీద ఏ హక్కూ రాదు, పంట మీదే. ఆ మాట ఊళ్లోకొచ్చి చెప్పే నాథుడేడీ? ఇంకోటి, అరెకరానికీ ఎనిమిదెకరాలకీ కేంద్రం వాటాతో కలిపి ఏడాదికి అదే 20,000 ఏంటి? తెలంగాణలోలా ఎకరానికింత అని ఇవ్వొచ్చుగా.

పద్మనాభం కుర్రోడు:
అలా ఇస్తే ఎక్కువ భూమి ఉన్నోడికే మూట పోద్ది గురూ. మా వైపు అన్నీ ఎకరం, అరెకరం ముక్కలే. అది నేనొప్పుకోను.

భీమిలి పట్టాదారు:
సరే. భూమికి ఢోకా లేదని తహసీల్దారు రాతపూర్వకంగా ఇస్తే నేను సంతకం పెడతా. మరి సాయం మొత్తం కౌలుదారుకే అంటే మోటారు ఎవరు చుట్టిస్తారు?

ఆనందపురం పూలబుట్ట:
మోటారు సంగతి కౌలు మాట్లాడుకున్నప్పుడే తేల్చుకోవచ్చు, దానికి సర్కారెందుకు? ఆ సంతకం మాటేదో మీ కౌలుదారుకి చెప్పండి సార్. మాకు చెప్తే అతనికి కార్డు రాదు కదా.