రెండు గదులు, ఇద్దరు సార్లు, అయిదు తరగతులు: టైంటేబుల్ ఎట్ల వేస్తున్నరు?

పరకాల_ఎస్జీటీ
పిల్లలను బడిల చేర్పించే బడిబాట అయిపోయినంక లెక్క తేలింది. ఒకటిలో 6, రెండులో 9, మూడులో 10, నాలుగులో 11, అయిదులో 2, మొత్తం 38 మంది. ఇద్దరు ఎస్జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు), రెండు గదులు. తరగతికొక టైంటేబుల్ రాసి గోడకు అంటిస్తే చూడనీకి బాగుంటది గని నడవదు. ఇసొంటి బడుల్లో పనిచేసేటోళ్లు అసలు ఎట్ల నడుపుతున్నరో చెప్పుండ్రి. ఎక్కడ చెడిపోతదో గూడ చెప్పుండ్రి.

నర్సంపేట_లెక్కలు
ముందు గంటల లెక్క. విద్యాహక్కు చట్టం 1–5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు అంటది. అంటే రోజుకు నాలుగు. అయిదు తరగతులకు కలిపి 20 గంటల పని. ఇద్దరు సార్లు ఇయ్యగలిగేది 8. పంచితే ఒక్కో తరగతికి సారు ఎదురుంగ ఉండేది గంటా 36 నిమిషాలు. ఒకరు లీవు పెట్టినా, ట్రైనింగుకు పోయినా 48 నిమిషాలే. ఇద్దరూ ఉన్న రోజు గూడ మిగిలిన రెండు గంటల 24 నిమిషాలు పిల్లలు వాళ్లంతట వాళ్లు పని చేయాలె, లేకుంటే ఉత్తగ కూసోవాలె. టైంటేబుల్ వేయాల్సింది ఆ మిగిలిన టైముకు. మనం వేసేది మాత్రం సారు చెప్పే టైముకు.

1–2 ఒకరికి, 3–4–5 ఒకరికి ఇస్తే చిన్నోళ్లకు తరగతికి రెండు గంటలు పడతయి, పెద్దోళ్లకు గంటా ఇరవై. మీ దగ్గర అయిదులో ఇద్దరే కాబట్టి వాళ్లను నాలుగుతో కూసోబెట్టుండ్రి. అప్పుడు మూడుకు రెండు గంటలు, నాలుగు–అయిదుకు రెండు గంటలు వస్తయి.

పాకాల_మేడమ్
ఆ రెండు గంటల పనికి పెద్ద సామాను అక్కర్లేదు, గోడ చాలు. 1–2 గదిలో నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా నల్లబల్ల పెయింట్ వేయించండి. పిల్లకు రెండడుగుల వెడల్పు చొప్పున నిలువు గీతలు కొట్టి, ఎవరి ముక్క మీద వాళ్ల పేరు రాయాలి. 15 మందికి 30 అడుగుల గోడ పడుతుంది. పెయింట్ రెండుసార్లు పూయాలి. మొదటి పూత ఆరాక గరుకు కాగితం పట్టించి, దుమ్ము తుడిచి రెండోది వేయాలి. అది పూర్తిగా ఎండాక సుద్దముక్కను అడ్డంగా పట్టుకొని గోడంతా రుద్ది, పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. ఇది చేయకుండా రాయిస్తే మొదటిరోజు అక్షరాలు నీడలెక్క ఏడాదంతా కనబడతాయి.

తెలుగు పీరియడు 40 నిమిషాలనుకోండి. మొదటి 5 నిమిషాలు రెండు తరగతులకూ కలిపి మాటల ఆట. తర్వాత 12 నిమిషాలు రెండో తరగతి గోడ దగ్గర: లవత్తు వచ్చే అయిదు మాటలు బొమ్మలు చూసి రాయాలి. అప్పుడు ఒకటో తరగతి ఆరుగురు మీ ముందు నేలమీద. మరో 12 నిమిషాలు తారుమారు. చివరి 11 నిమిషాలు గోడ వెంట నడుచుకుంటూ దిద్దడం.

చెడిపోయేది రెండు చోట్ల. ఒకటి, ఇచ్చే పని 12 నిమిషాలకు సరిపోకపోవడం. రెండో ఎక్కం రాయమంటే మూడో నిమిషానికి ‘అయిపోయింది మేడమ్’ మొదలవుతుంది, ఇక ఒకటో తరగతి పాఠం అక్కడితో ఆగిపోతుంది. రెండు, దిద్దడం ఎగ్గొట్టడం. గోడ పని ఎవరూ చూడరని వారం లోపల పిల్లలకు తెలిసిపోతుంది.

పరకాల_ఎస్జీటీ
పరిసరాల విజ్ఞానం 3, 4, 5 కలిపి చెప్పొచ్చా?

పాకాల_మేడమ్
చెప్పొచ్చు. నీళ్లు, తిండి, ఇండ్లు మూడు పుస్తకాల్లోనూ తిరిగి తిరిగి వస్తాయి. మాట్లాడేది కలిపి, రాసేది వేరువేరుగా. కానీ ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షలు) సిలబస్ పాఠాల వరుసన వస్తుంది. మీరు నీళ్ల పాఠం మూడు తరగతులకూ జులైలోనే ముగిస్తే, పరీక్షలో ఒక తరగతికి చెప్పని పాఠం రావచ్చు. ముందే మూడు పుస్తకాల పాఠాలు పక్కపక్కన రాసుకొని, ఎఫ్‌ఏ-1 లోపల కలిసేవి ఏవో చూసి, వాటినే కలపండి.

ఎల్కతుర్తి_పేరెంట్
సార్లూ, తల్లిదండ్రుల దిక్కు నుంచి ఒక్క మాట. మీరు గంటలు లెక్కపెడుతున్నరు, ఊర్ల జనం మనుషులను లెక్కపెడుతరు. ప్రైవేటు బడిల క్లాసుకొక మేడమ్ ఉంటది, బస్సు ఇంటిముందటికొస్తది, మూడేండ్లకే నర్సరీల తీసుకుంటరు. ఆ మేడమ్ ఏం చదువుకున్నదో ఎవలడుగుతరు? సర్కారు బడి సారుకు డీఎస్సీ ర్యాంకున్నా, ఒక్కడు మూడు క్లాసులు చూస్తున్నడంటే నమ్మకం కుదరదు. మీడియం ముచ్చట దాని తర్వాతనే.

రిటైర్డ్_ఎల్ఎఫ్ఎల్
ఈయన చెప్పింది నిజం. పై లెక్కలో ఒకటోతరగతి 6, అయిదోతరగతి 2 చూడండి. మన ప్రాథమిక బడికి రెండు కొసలా చిల్లులే. మొదటి కొస నర్సరీ. ఆరేళ్లకు మన దగ్గరికి రావలసిన పిల్ల అప్పటికే మూడేళ్లు ఇంకో బడిలో కుదురుకొని ఉంటుంది. జూన్‌లో ఇంటింటికీ తిరిగితే ఏం వస్తుంది? తిరగవలసింది అంగన్‌వాడీ చుట్టూ, అదీ జనవరి నుంచే. రెండో కొస గురుకులం. అయిదో తరగతి ప్రవేశ పరీక్ష కాగానే నాలుగులో బాగా చదివేవాళ్లు వెళ్లిపోతారు. వెళ్లడం మంచిదే, పిల్లకు మూడుపూటలా తిండి, చదువు. కానీ బడి లెక్కలో అది లోటే.

చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరే టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు. 38కి ఇద్దరున్నారంటే కాగితం మీద లోపం లేదు. 1:30 అన్న నిష్పత్తి పిల్లల తలలు చూస్తుంది, తరగతులు చూడదు. అసలు తిరకాసు అక్కడే. సమగ్ర శిక్ష పాఠశాల గ్రాంటుకూ ఇలాంటి గీతే: 30 మంది వరకు రూ.10,000, 31 నుంచి 100 వరకు రూ.25,000. ఎనిమిది మంది తగ్గితే మీకు సుద్దముక్కల డబ్బులు కూడా సగానికి దిగువకు పడిపోతాయి.

హన్మకొండ_విలీనం
అందుకే కలపాలంటున్న. రెండు కిలోమీటర్ల లోపల 38, 27, 22 మంది ఉన్న మూడు బడులను ఒక్కటి చేస్తే 87. ఉన్న ఆరుగురు టీచర్లను అక్కడే ఉంచితే తరగతికొకరు, పైన హెచ్ఎం. ఇది ఎందుకు తప్పు?

రిటైర్డ్_ఎల్ఎఫ్ఎల్
ఆరుగురిని ఉంచుతారని ఎవరన్నారు? 87కు చట్టం లెక్క ప్రకారం ముగ్గురే. సర్దుబాటు పేరుతో మిగతా ముగ్గురు ఇంకోచోటికి పోతారు. అప్పుడు ముగ్గురు టీచర్లు, అయిదు తరగతులు. 12 గంటలను అయిదుకు పంచితే తరగతికి రెండు గంటల 24 నిమిషాలు. కొంచెం మేలే, కాదనను. కానీ ప్రాథమిక బడి కిలోమీటరు లోపల ఉండాలన్న నియమం దాటిపోతుంది. దాటితే రవాణా భత్యం ఏడాదికి రూ.6,000 వరకు వస్తుంది, అదీ ఆ ఆవాసాన్ని బడిలేని ఆవాసంగా నమోదు చేస్తేనే. ములుగు దిక్కు అయితే ఆరేళ్ల పిల్ల 163 జాతీయ రహదారి దాటాలా, వానకాలం వాగు దాటాలా అనేది కూడా చూడాలి. తరగతికొక టీచరు అని ముందు ఉత్తర్వు ఇవ్వండి, కలపడం సంగతి తర్వాత మాట్లాడదాం.

హన్మకొండ_విలీనం
ఉత్తర్వు ముందు, విలీనం తర్వాత. దీనికి ఒప్పుకుంట.

మానుకోట_సీఆర్పీ
పిల్లలను తీసుకురావడం ఒక పని, వాళ్లను యూడైస్‌లో (బడులు, పిల్లల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ పోర్టల్) ఎక్కించడం ఇంకో పని. రెండోది చేయకపోతే వచ్చిన పిల్లలు లెక్కలోకి రారు. ప్రైవేటు నుంచి వచ్చినవాళ్ల 11 అంకెల పెన్ నంబరు (విద్యార్థి శాశ్వత నంబరు), పుట్టినతేదీ తీసుకోండి. పాత బడి పిల్లను పోర్టల్‌లోని డ్రాప్‌బాక్స్‌లోకి (బడి మారే పిల్లల జాబితా) వదిలితేనే మీరు లాక్కోగలరు. ఫీజు బాకీ ఉందని వదలకపోతే పోర్టల్‌లో రిలీజ్ రిక్వెస్ట్ పెట్టి, దాని కాపీ మండల విద్యాధికారికి (ఎంఈఓ) ఇవ్వండి. ఈలోపు పిల్లను బయట నిలబెట్టకండి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండొద్దని చట్టం సెక్షన్ 5లోనే ఉంది. వయసు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండొద్దని సెక్షన్ 14లో ఉంది.

తండాల బడుల్లో ఇంకో చిక్కు. ఒకే ఇంట్లో అన్న ‘బానోత్’, చెల్లె ‘బానోతు’. ఇంగ్లీషు స్పెల్లింగులో చివరి ‘యు’ ఒక్కటే తేడా, దానికే అపార్ (విద్యార్థి గుర్తింపు నంబరు) ఆగిపోతుంది. అడ్మిషన్ రిజిస్టరులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక ఉన్నా అంతే. చేర్చుకున్న రోజే ఆధార్ ముందర పెట్టుకొని అక్షరం అక్షరం చూసి రాస్తే ఈ పని ఉండదు. అపార్‌కు తల్లి లేదా తండ్రి అంగీకారపత్రం మీద సంతకం తప్పనిసరి. అది కూడా ఆ రోజే.

ఏటూరునాగారం_టీచర్
రెండు భాషల పుస్తకాల మీద ఎవరూ మాట్లాడలేదు. 2022-23 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఎక్కువచోట్ల జరిగేదేందంటే సారు ఇంగ్లీషు పేజీ చదువుతడు, తెలుగులో చెప్తడు, జవాబులు ఇంగ్లీషులో బోర్డు మీద రాస్తడు, పిల్లలు ఎక్కించుకుంటరు. నోట్సు చూస్తే ముత్యాలే, అడిగితే ఒక్క ముక్క రాదు. దీన్ని తిరగేయాలె. ముందు తెలుగు పేజీ పిల్లలే చదవాలె. అందులో ముఖ్యమైన ఆరు మాటలకు ఇంగ్లీషు మాటలు గోడకు ఎక్కించాలె. తర్వాత ఇంగ్లీషు పేజీలో ఆ ఆరు ఎక్కడున్నయో గీత కొట్టాలె. మూడో తరగతికి ఒక రోజుకు అంతే, వాక్యాలు రెండోరోజు.

కోయ గూడేల్లో తెలుగు పేజీ గూడ పరాయిదే. కోయలో ‘ఏరు’ అంటే నీళ్లు. తెలుగు పాఠంలో ‘ఏరు పొంగింది’ అని వస్తే పిల్ల ఏమనుకుంటది? ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, లంబాడీ సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారైనయి. పాత బడి బీరువాల్లో దొరికితే పారేయకుండ్రి. మొదటి ఆరు నెలలకు అంతకంటే మంచి సామాను లేదు.

పరకాల_ఎస్జీటీ
ఇద్దరు టీచర్లు అనుకుంటున్నం గని ఇద్దరూ రోజూ బడిలో ఉంటరా? 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు ఎస్జీటీలనే వేసిన్రు, ప్రాథమిక బడులు ఒంటిపూట నడిచినయి. జనగణన, విపత్తు, ఎన్నికలు తప్ప వేరే పనికి పంపొద్దని సెక్షన్ 27 ఉన్నది.

నర్సంపేట_లెక్కలు
ఉన్నది. ఓటర్ల జాబితా చూసే బీఎల్ఓ పని గూడ సెలవురోజుల్లో, బడి లేని టైములోనే అని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్డరు వచ్చినప్పుడు నోటిమాట వద్దు. ఆ రోజు ఎంతమంది పిల్లలు ఒక్క టీచరు కింద ఉన్నరో అంకె వేసి ఎంఈఓకు రాయుండ్రి. అదే అంకె ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) తీర్మానంలో ఎక్కించుండ్రి.

మధ్యాహ్న భోజనం అంకెలు గూడ గోడ మీద పెట్టుండ్రి. 38 మందికి రోజుకు బియ్యం 3.8 కిలోలు, పప్పు 760 గ్రాములు, కూరగాయలు 1.9 కిలోలు, నూనె 190 గ్రాములు. 2025 మే నుంచి ప్రాథమికకు పిల్లకు రూ.6.78 చొప్పున రూ.257.64. ఆ పైసల్లోనే పప్పు, కూర, నూనె, మసాలా, గ్యాసు అన్నీ. చారు నీళ్లయిందని వంట అక్కను అనేముందు ఈ అంకె చూడాలె. బడిల పిల్లల సంఖ్య 25కు దిగితే వంటకు ఒక్కరే.

పరకాల_ఎస్జీటీ
మంచిది. రేపు గోడ కొలుస్త. ఒక్క డౌటు: 1–2 గదిలో తలుపు పక్క గోడకు వానకాలం చెమ్మ వస్తది. పెయింట్ నిలుస్తదా?

పాకాల_మేడమ్
నిలవదు, దసరా లోపల పొక్కులు లేస్తుంది. ఆ గోడ వదిలేయండి. అక్కడ రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున్న ప్లైవుడ్ ముక్కలకు పెయింట్ వేసి, వెనక చెక్కపట్టీ పెట్టి గోడకు అంగుళం ఎడంగా తగిలించండి. అంచులకు కూడా పెయింట్ పట్టించాలి, చెమ్మ ముందు అక్కడినుంచే ఎక్కుతుంది.