‘పేగు కబురు’ అనవచ్చా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
మధుమేహం ఉన్నవారికి పంచడానికి కరపత్రం రాస్తున్నాను. ‘ఇంక్రెటిన్లు’ (తిన్నప్పుడు పేగు రక్తంలోకి వదిలే హార్మోన్లు) అన్నచోట ‘ఆంత్ర ప్రేరకాలు’ అని రాస్తే, మా అమ్మ చదివి ‘ఇది ఏ మందురా?’ అని అడిగింది. ‘పేగు కబురు’ అంటే సరిపోతుందా, మరీ తేలికైపోతుందా?

జవాబు (సూర్యారావుపేట, విజయవాడ):
నిస్సందేహంగా అనవచ్చు బాబూ. ‘ఆకలికి పేగులు అరుస్తున్నాయి’ అనే జాతి మనది. అయితే మన నుడికారంలో పేగు ఖాళీగా ఉన్నప్పుడే నోరు విప్పుతుంది. అది తిన్నాక కూడా మాట్లాడుతుందని మీ కరపత్రం చెప్పాలి.

పొద్దున రెండు ఇడ్లీలు తిన్నామనుకోండి. వాటిలోని పిండిపదార్థం గ్లూకోజుగా మారుతుండగానే చిన్నపేగు పైభాగంలోని కె కణాలు జీఐపీ అనే ఇంక్రెటిన్‌ను, కిందిభాగంలో ఎక్కువగా ఉండే ఎల్ కణాలు జీఎల్‌పీ-1 అనే మరో ఇంక్రెటిన్‌ను రక్తంలోకి వదులుతాయి. ఆ కబురు క్లోమంలోని బీటా కణాలకు చేరగానే అవి ఇన్సులిన్‌ను మరింతగా విడుదల చేస్తాయి. అదీ రక్తంలో గ్లూకోజు పెరిగి ఉంటేనే! ఈ షరతు నాకు ఎంతో అందంగా కనిపిస్తుంది. జీఎల్‌పీ-1 అక్కడితో ఆగదు. కాలేయం చేత గ్లూకోజును బయటికి వదిలించే గ్లూకగాన్‌ను తగ్గిస్తుంది, జీర్ణాశయం త్వరగా ఖాళీ కాకుండా చూస్తుంది.

గ్లూకోజును నరంలోకి ఎక్కించినప్పటి కంటే నోటితో తాగించినప్పుడు ఇన్సులిన్ ఎక్కువగా విడుదలవుతుందని 1964లోనే తేలింది. నరంలోకి ఎక్కిస్తే పేగుకు ఆ సంగతే తెలియదు కదా.

మరో సభ్యురాలు (పటమట, విజయవాడ):
మాస్టారూ, ‘కబురు’ నాకూ నచ్చింది. 1905లో ఇంగ్లండు శరీరధర్మ శాస్త్రవేత్త స్టార్లింగ్ ‘హార్మోన్’ అనే పేరును వాడుకలోకి తెచ్చినప్పుడు, వాటిని రసాయన వార్తాహరులుగానే వివరించాడు. కానీ ఆ లెక్కన ఇన్సులిన్ కూడా కబురే, అది క్లోమం పంపే కబురు. అందుకే ‘పేగు’ అనే మాటను ఎక్కడా వదిలేయకండి.

ఇంకొకటి. జీఎల్‌పీ-1 ఆయుష్షు రక్తంలో సుమారు 2 నిమిషాలే. డీపీపీ-4 అనే ఎంజైము దాన్ని విరిచేస్తుంది. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ లాంటి మాత్రలు ఆ ఎంజైముకే అడ్డుపడి కబురును ఇంకాసేపు నిలబెడతాయి. మాత్రల అట్ట మీద పేరు చివర ‘గ్లిప్టిన్’ ఉందేమో చూసుకోమని రాయండి. చాలామంది రోజూ మింగుతున్నదే, అది ఏం చేస్తుందో మాత్రం వారికి ఎవరూ చెప్పి ఉండరు.

‘పేగు కబురు షుగర్‌ను తగ్గిస్తుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. టైప్ 2 మధుమేహంలో ఆ కబురుకు క్లోమం స్పందించడమే తగ్గిపోతుంది, ముఖ్యంగా జీఐపీకి. ఇక ‘ఇంక్రెటిన్’ అనే పేరును కూడా పక్కనే ఒకసారి ఉంచండి, డాక్టరు నోట విన్నప్పుడు పోల్చుకోగలుగుతారు.